నునుపు వేరు, తేలిక వేరు

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం, గ్రంథాలయం మేడ మీద, విలువిద్య నేర్చుకుంటున్న పిల్లలకీ, వాళ్ళ తల్లిదండ్రులకీ, ఐటీఐ విద్యార్థులకీ కర్ర పట్టా మీద అడ్డంగా విల్లు బిగించి, మీట నొక్కి బాణం వదిలే క్రాస్‌బో గురించి ఒక రిటైర్డ్ ఫిట్టరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ... అలాగని మరీ ఈ బల్ల దగ్గరికి కాదు. ఇదిగో, ఇక్కడ సుద్దముక్కతో గీత గీసేను చూడండి. ఆ గీత దాటకండి. బల్ల మీదున్న క్రాస్‌బోకి నారి దించేసే ఉంది, భయమేం లేదు. అయినా గీత గీతే.

నేను ముప్పయ్యేళ్ళు ఫిట్టరు పని చేసి రిటైరయ్యేను. వైసు ముందు నిలబడ్డం అలవాటు గానీ మైకు ముందు నిలబడ్డం ఇదే మొదలు. మాస్టారు ఫోను చేసి, క్రాస్‌బో మీటని నునుపు చెయ్యడం, బాగోగులు చూసుకోవడం గురించి పిల్లలకి చెప్పాలన్నారు. చెయ్యవలసినవి చెప్పడానికి పావుగంట చాలండీ, చెయ్యకూడనివి చెప్పడానికే గంట పడుతుంది అన్నాను. అయితే గంటంబావు తీసుకోండి అన్నారు. తీసుకుంటున్నాను.

ముందు పేర్లు చెప్పుకుందాం. ఐటీఐ కుర్రాళ్ళు నవ్వకూడదు. దీంట్లో నట్టూ ఉంది, బోల్టూ ఉంది. రెండూ మీకు తెలిసినవి కావు! బోల్టంటే ఇక్కడ బాణం. పొట్టిగా, లావుగా ఉంటుంది, ఇది. నట్టంటే ఈ తిరిగే ముక్క. దీనికి రెండు కొమ్ములున్నాయి, చూసేరా? వెనక్కి లాగిన నారి ఈ కొమ్ములకి తగులుకుంటుంది. బాణం మడమ ఆ రెంటి సందులో కూర్చుంటుంది. నట్టు అడుగున ఒక గంటు ఉంది. ఆ గంటులో ఈ ముక్క కొస దూరి, నట్టుని తిరక్కుండా ఆపుతుంది. దీన్ని ఇంగ్లీషులో సియర్ అంటారు. నాకు నోరు తిరగదు, నేను పన్ను అంటాను. పన్ను వెనకాల పొడుగ్గా ఉన్నది మీట, ట్రిగ్గరు. మీట నొక్కితే పన్ను గంటులోంచి జారుతుంది, నట్టు గిర్రున తిరుగుతుంది, నారి పోతుంది. అంతే యంత్రం. ఇంతకు మించి ఏటీ లేదు.

ఇంక ఈ ముందరున్న ఉక్కు విల్లు. ఇదేటో ఎవరైనా చెప్పగలరా? ఆ, కరెక్టు. జీపు కమాను పట్టీ. కాలేజీ కుర్రాళ్ళు చేసిన నమూనా ఇది. లారీ షెడ్డులో మనం రోజూ కమాను, కమాను అంటాం. అసలు కమాను అంటేనే విల్లు. మన మెకానిక్కులు ఇన్నాళ్ళూ బండి కింద విల్లు బిగిస్తున్నారన్నమాట, తెలిసో తెలీకో.

సరే. మామూలు విల్లులో మీట ఏది? చెప్పమ్మా, నువ్వు రోజూ వేస్తావు కదా. వేళ్ళు! మన వేళ్ళే మీట. నారి బరువు ఎంతుంటే అంతా వేళ్ళే మొయ్యాలి. కాంపౌండు విల్లు, అంటే కప్పీలున్న విల్లు వేసే పిల్లలు నారిని పట్టి వదలడానికి రిలీజ్ ఎయిడ్ అని ఒకటి చేతికి కట్టుకుంటారు, దాని కడుపులోనూ చిన్న నట్టు, చిన్న పన్ను ఉంటాయి. నేనిప్పుడు చెప్పేది వాళ్ళకీ పనికొస్తుంది. క్రాస్‌బోలో మాత్రం పూర్తి బలాన్నీ ఒక లోహపు ముక్క మోస్తుంది, నిమిషమైనా, పది నిమిషాలైనా. మన వేలు దాన్ని ఇంత, ఇంత కదిపితే చాలు.

ఇది ఇవాళ్టి తెలివి కాదు. చైనాలో షియాన్ దగ్గర 1974లో మట్టి బొమ్మల సైన్యం బయటపడింది, విన్నారు కదా. అక్కడ కంచుతో పోతపోసిన క్రాస్‌బో మీటలు దొరికేయి. 2,200 ఏళ్ళ నాటివి. చెక్క మట్టిలో కలిసిపోయింది, నారి పోయింది, కంచు ముక్కలు మిగిలేయి. విడివిడి ముక్కలు, వాటిని పట్టి ఉంచే రెండు పిన్నులు. పిన్నులు లాగేస్తే అన్నీ చేతిలోకి వచ్చేస్తాయి. బాగుచేసుకోడానికి వీలుగా చేసేరు. యూరప్ వాళ్ళు నడిమికాలంలో నట్టుని దుప్పి కొమ్ముతో చేసుకునేవాళ్ళు. కొమ్మెందుకు? గట్టిది, జారుడుగా ఉంటుంది, చిట్లదు. మన పొందూరులో పత్తి ఏకడానికి వాలుగ చేప దవడ వాడతారు కదా, అలాంటి తెలివే. ఏ పనికి ఏ వస్తువు నునుపో చేతికి తెలిసినవాళ్ళు వాళ్ళు. యూరప్‌లో ఇప్పటికీ 10 మీటర్లు, 30 మీటర్ల దూరాల్లో క్రాస్‌బో పోటీలు జరుగుతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మాది పలాస దగ్గర. తిత్లీ తుపాను, 2018 అక్టోబరు. తెల్లవారుజామున గాలి ఎలాగుందో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. పక్కింటి పెద్దమ్మ వచ్చి మా తలుపు బాదుతోంది, రేకులు లేచిపోయేయి, లోపలికి రానీండ్రా అని. నేను గడియ లాగుతున్నాను. రాదే! రెండు చేతులా లాగేను. రాదు. రోజూ చిటికెన వేలితో తీసే గడియ. ఏటయ్యింది దానికి? గడియకేం కాలేదు. గాలి తలుపుని లోపలికి తోస్తోంది, తలుపు గడియ మీద మోపుతోంది, గడియ దాని కన్నంలో బిగుసుకుపోయింది. మా ఆవిడ వచ్చి తలుపుకి భుజం ఆనించి బయటకి ఒక్క తోపు తోసింది. నేను వేలితో లాగితే గడియ వచ్చేసింది. ముప్పయ్యేళ్ళు ఫిట్టరు పని చేసినవాడికి తోచలేదు చూడండి.

ఆ గాలే ఇక్కడ నారి. తలుపు నట్టు. గడియ ఈ పన్ను. నారి ఎంత గట్టిగా లాగితే పన్ను అంత బిగుస్తుంది, దాన్ని జార్చడానికి మన వేలు అంత కష్టపడాలి.

ఎంత కష్టమో లెక్క వేద్దాం. పలక మీద రాస్తాను. ఈ నమూనాకి నారి బలం 60 కిలోలు అనుకోండి. నారి తగులుకునే కొమ్ము, ఇరుసు నుంచి 8 మిల్లీమీటర్లు. అడుగున గంటు, ఇరుసు నుంచి 24. అంటే మూడు రెట్లు దూరం. కాబట్టి పన్ను మీద పడేది 60లో మూడో వంతు, 20 కిలోలు. ఉక్కు మీద ఉక్కు, నునుపుగా ఉండి ఒక చుక్క నూనె ఉంటే, జారడానికి సుమారు ఐదో వంతు కావాలి. అంటే 4 కిలోలు. మీట పొడుగు వల్ల అది నాలుగో వంతు అవుతుంది. వేలికి తగిలేది 1 కిలో. అర్థమయ్యింది కదా? అదే ముఖాలు గరుకుగా, పొడిగా ఉంటే ఐదో వంతు చాలదు, రెండింతలవుతుంది. వేలికి 2 కిలోలు. పైగా ఆగి ఆగి, గుంజినట్టు కదుల్తుంది. గురి చెదిరేది అక్కడే.

కాబట్టి నునుపు చేస్తే మనకొచ్చేదేటి? 2 కిలోలు 1 కిలో అవుతుంది. గుంజుడు పోతుంది. బాగుంది. ఇక్కడితో ఆగిపోతే అందరం క్షేమం. కానీ మనం ఆగుతామా? ఆగం! ఒక కిలో వచ్చేక అర కిలో అయితే బాగుణ్ణు అనిపిస్తుంది. ఆ అర కిలో నునుపులోంచి రాదు. నునుపు ఇవ్వగలిగింది ఇచ్చేసింది. ఇంక తేలిక కావాలంటే రెండే దార్లు. పన్ను గంటులో కూర్చున్న లోతు తగ్గించడం, లేదంటే ముఖం వాలు మార్చడం. ఈ రెండూ నారిని పట్టి ఉంచే భద్రతలోంచి కోసుకోవడమే. నునుపు వేరు, తేలిక వేరు. మళ్ళీ చెప్తున్నాను, నునుపు వేరు, తేలిక వేరు.

వాలు అంటే ఏటంటే, మళ్ళీ తలుపు దగ్గరికే వెళ్దాం. ఇప్పటి తలుపుల తాళాల్లో ఏటవాలుగా కోసిన నాలుక ఉంటుంది, చూసేరా? తలుపు తోస్తే నాలుక దానంతటదే లోపలికి పోతుంది, ఎవరూ మీట తిప్పక్కర్లేదు. పన్ను ముఖం అలాగ వాలిందనుకోండి. నారి లాగుడే పన్నుని బయటకి తోసేస్తుంది. ఎవరూ నొక్కకుండానే పోతుంది! మంచి మీటలో వాలు ఇటు కాకుండా అటు, వెంట్రుకవాసి ఎదురు ఉంటుంది. నొక్కినప్పుడు నట్టు కొంచెం వెనక్కి తిరిగి, అప్పుడు వదుల్తుంది. చేతికి ఆ చిన్న ఎదురు తెలుస్తుంది. చాలామంది దాన్నే లోపం అనుకుని అరగదీసేస్తారు. అది ప్రాణం.

ఇది నాకెలా తెలుసు? పుస్తకంలో చదవలేదు. ఇదిగో, ఈ బొటనవేలు చూడండి. ముందు వరసలో వాళ్ళకి కనపడుతుంది. గోరు మధ్యలో చీలి పెరుగుతుంది, ఇంక ఇంతే. ఈ నమూనాయే. కుర్రాళ్ళు తెచ్చి, అంకుల్, మీట గట్టిగా ఉంది, కొంచెం చూడండి అన్నారు. నాకేమో చేతిలో పనుందంటే హుషారు. బఫింగ్ వీలు పెట్టేను, గుడ్డ చక్రం, ఆకుపచ్చ పేస్టు. ఐదు నిమిషాల్లో పన్ను అద్దంలా మెరిసింది. బుడితి ఇత్తడి చెంబులాగ మెరిసింది! అందరూ అబ్బా అన్నారు, నేనూ అబ్బా అనుకున్నాను. చెంబుకి మెరుపు చాలు. పన్నుకి మూల కావాలి. గుడ్డ చక్రం మెత్తన కదా, ముఖాన్నీ రాస్తుంది, అంచు మీంచి కిందకీ జారుతుంది. మూల గుండ్రమైపోయింది. కంటికి తెలీదు. నారి ఎక్కించేను, రెండుసార్లు బాగానే పట్టింది. మూడోసారి నారి ఎక్కించి ఉండగా ఎవరో స్టూలు జరిపేరు, బల్ల అదిరింది. అంతే. బాణం లేదు, ఎవరూ మీట ముట్టుకోలేదు, నా ఎడంచెయ్యి పట్టాని పట్టుకుని ఉంది, బొటనవేలు పైకి ఉంది. చప్పుడు వినపడింది గానీ నొప్పి తెలియడానికి ఒక క్షణం పట్టింది. ఆ స్టూలు జరిపిన గుంటడు ఏడ్చేడు పాపం, తన తప్పనుకుని. వాడి తప్పేముంది? తప్పు నాది, ఆకుపచ్చ పేస్టుది.

కాబట్టి, చేసే పద్ధతి. మొట్టమొదట, నారి దింపకుండా స్క్రూడ్రైవరు ముట్టుకోకూడదు. ఎక్కించి ఉన్న క్రాస్‌బోని ఎలా దింపుతారు? చేత్తో నారి పట్టుకుని నెమ్మదిగా వదలడం కుదరదు, చెయ్యి పోతుంది. బాణం లేకుండా మీట నొక్కడమూ కుదరదు. బాణం పట్టుకెళ్ళవలసిన బలమంతా విల్లులోకే తిరిగొస్తుంది, రెక్కలు పగులుతాయి, ముక్కలు ఎగురుతాయి. మొద్దుబారిన ముల్లున్న బాణం ఒకటి పెట్టి, మెత్తని లక్ష్యంలోకి వేసెయ్యాలి. ఆ తరవాత నారిని విల్లు నుంచి విప్పేసి, అప్పుడు నట్టూ, పన్నూ, మీటా ఉన్న పెట్టె తెరవాలి.

తెరిచే ముందు ఫోనుతో ఫొటో తియ్యండి. ఒక్కో పిన్ను తీసినప్పుడల్లా ఇంకో ఫొటో. స్ప్రింగులు ఎగురుతాయి, కళ్ళజోడు పెట్టుకోండి. నేనైతే పెద్ద ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పుతాను, ఎగిరినా సంచిలోనే ఉంటుంది. మా ఇంట్లో చూసి పిచ్చనుకుంటారు, అనుకోనీండి.

తరవాత కిరోసిన్‌తో కడగాలి. బీడీ కాల్చేవాళ్ళు దూరంగా ఉండాలి. కడిగి తుడిచేక, చాలాసార్లు, ఇంక నునుపు చెయ్యవలసిన పనే ఉండదు! మురికి, ఎండిపోయిన నూనె, సన్నని ఇసక, అంతే ఉంటుంది. పది మీటలు తెస్తే ఆరేడు కడిగితే బాగుపడిపోయేయి, నా అనుభవంలో.

అప్పటికీ గరుకుంటే, పన్ను ముఖానికీ గంటు ముఖానికీ స్కెచ్చి పెన్ను రంగు పుయ్యండి. బిగించి, నారి లేకుండా వేలితో నట్టుని నెట్టి పట్టుకుని పదిసార్లు మీట ఆడించండి. విప్పి చూడండి. రంగు ఎక్కడ పోయిందో అక్కడే ఒరుసుకుంటోంది. రంగు పోయిన చోటే మన పని. రంగు ఉన్న చోట మనకేం పనుంది? ఒక్కోసారి ముఖమంతా రంగుండి, మూల దగ్గర ఒక చుక్కలో పోతుంది. అక్కడ బర్, అంటే సన్నని లోహపు ముల్లు లేచి ఉందన్నమాట. ఆ బర్ తీసేస్తే అయిపోయింది.

ఎలా తియ్యాలి? ఆకురాయి ముట్టుకోవద్దు. గ్రైండరు మాటెత్తొద్దు. మందపాటి అద్దం ముక్క తీసుకోండి, అది సమతలం. దాని మీద 1000 నంబరు ఎమెరీ కాగితం పరిచి రెండు చుక్కల నూనె వెయ్యండి. పన్నుని చేత్తో గాలిలో పట్టుకోకుండా, ఒక చదరపు ఇనప దిమ్మకి ఆనించి, దిమ్మతో పాటు జరపండి. అప్పుడు వాలు మారదు. పది రాపులు. పదే! ఆపి, తుడిచి, భూతద్దంతో చూడండి. గీతలు ఏ దిక్కున పన్ను జారుతుందో ఆ దిక్కునే పడాలి, అడ్డంగా పడితే రంపంలాగ పట్టుకుంటాయి. తరవాత 2000 నంబరు, ఇంకో పది. చాలు. మిషను గుర్తులన్నీ పోవాలని పట్టుబట్టకండి. గుంతలుంటే ఉండనీండి, మిట్టలు పోతే చాలు.

ఎందుకంత పిసినారితనం అంటారా? ఈ ముక్కలు చాలామటుకు కేస్ హార్డెనింగ్ చేసినవి. జీడిపిక్క తెలుసు కదా మనకి. పైన గట్టి పెంకు, లోపల మెత్తని పప్పు. ఇదీ అంతే. గట్టి పొర అర మిల్లీమీటరు ఉంటుంది, ఒక్కోసారి అంతకంటే తక్కువ. అది తినేసేరంటే లోపల మెత్తని ఇనుము బయటపడుతుంది. ఆ రోజు వెన్నలాగ జారుతుంది, అబ్బో బాగా చేసేనే అనుకుంటారు. వంద బాణాలు వేసేసరికి మూల నలిగిపోతుంది. పన్ను అంచు చిట్లినా, పిన్ను కన్నం కోడిగుడ్డులా సాగినా బాగుచెయ్యాలని చూడకండి. ముక్క మార్చండి. స్ప్రింగు కత్తిరించడం, సాగదియ్యడం అసలే వద్దు.

అయిపోయేక మళ్ళీ కడగాలి. ఎమెరీ పొడి లోపల మిగిలితే అది మీరు నిద్రపోతున్నా పన్నుని అరగదీస్తూనే ఉంటుంది.

బిగించేసి, నేరుగా నారి ఎక్కించి చూస్తారా? నేను చెయ్యను. ఇదిగో ఇది చూడండి, మా పెరట్లో చేసుకున్నది. మీట పెట్టె ఒక్కదాన్నీ ఈ స్టాండుకి బిగించేను. నారి బదులు తాడు. తాడుకి ఇసక బస్తా. బస్తా కింద నేలకి రెండంగుళాలే ఎడం, ఇంకో ఇసక పరుపు. ముందు 10 కిలోలు, తరవాత 30, తరవాత 60. మీట నొక్కడం, బస్తా పడడం, మళ్ళీ తగిలించడం. ముప్పయ్ సార్లు. తరవాత బస్తా వేలాడుతుండగా రబ్బరు సుత్తితో పెట్టె చుట్టూ తట్టాలి, అటూ ఇటూ, కిందా పైనా. పడకూడదు. తరవాత సేఫ్టీ, అంటే మీట పనిచెయ్యకుండా ఆపే అడ్డు వేసి, మీట గట్టిగా నొక్కి వదిలెయ్యాలి. ఇప్పుడు మీట ముట్టుకోకుండా సేఫ్టీ తియ్యాలి. బస్తా పడిందా? పడిందంటే, సేఫ్టీ వేసి ఉండగానే పన్ను సగం జారి అక్కడే ఆగిందన్నమాట. ఆ పెట్టె విల్లుకి బిగించకూడదు. బఫింగ్ రోజు నేనీ బస్తా పరీక్ష చేసుంటే ఈ గోరు బాగుండేది.

కంపెనీ నుంచి కొన్న క్రాస్‌బోలకి ఇదంతా వర్తించదని గట్టిగా చెప్తున్నాను. వాటి పెట్టె మూసి వస్తుంది. బాణం లేకుండా పేలకుండా ఆపే కొక్కెం అని ఇంకొకటి కూడా లోపల ఉంటుంది, దాని స్ప్రింగు ఒక పిసరు పక్కకి కూర్చున్నా పనిచెయ్యదు. ఆ పెట్టె విప్పకండి. బయట నుంచి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపండి, వాళ్ళ కాగితంలో ఏ నూనె చెప్తే అది ఒక చుక్క. నారికి రాసే మైనం మీట దగ్గరికి రానీకండి. ఏ లోపం ఉన్నా తిప్పి పంపించండి.

ఇంక ప్రశ్నలు. ఆ, చెప్పండి పెద్దాయనా. ఉద్దానంలో ఎలుగుబంట్లు తోటల్లోకి వస్తున్నాయి, దీంతో బెదిరించవచ్చా అని. వద్దు బాబూ. 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుగుబంటి మొదటి షెడ్యూల్లో ఉంది, కేసు సంగతి అలా ఉంచండి, దెబ్బ తిన్న ఎలుగుబంటి మీ తోటలో తిరగడం కన్నా పెద్ద ఆపద లేదు. అటవీ శాఖ వాళ్ళకి ఫోను చెయ్యండి. ఈ వస్తువు గుడ్డపేలికలు నింపిన లక్ష్యం మీదకే.

అమ్మా, నువ్వేదో అడుగుతున్నావు. కొబ్బరినూనె రాయొచ్చా? ఈ ప్రశ్న వస్తుందని తెలుసు! మా ఉద్దానంలో తలుపు కీళ్ళకీ, కుట్టుమిషనుకీ, తలకీ అన్నింటికీ అదే. వద్దు తల్లీ. 24 డిగ్రీల కిందకి వస్తే కొబ్బరినూనె గడ్డకడుతుంది. మార్గశిరం పొద్దున్న ప్రాక్టీసుకి వెళ్తావు, పన్ను గంటులోకి పూర్తిగా కూర్చోదు, సగంలో మైనంలా అడ్డుపడుతుంది. కూర్చుందనుకుంటావు. సగం కూర్చున్న పన్నే అన్నింటికంటే ప్రమాదం. పైగా నెలల తరబడి ఉంటే బంకలా అయ్యి దుమ్ము పడుతుంది. సన్నని మిషను నూనె, సూది మొనతో ఒక చుక్క ముఖానికి, ఒక చుక్క ఇరుసుకి. రాసేక తుడిచెయ్యాలి. తుడిచేక మిగిలిందే చాలు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో నెలకోసారి, వానలో తడిస్తే ఆ రోజే.

ఇంకెవరూ లేరా? అయితే ఇప్పుడు ఈ పన్ను విప్పి చూపిస్తాను, నా బఫింగ్ చేసినదీ, కొత్తదీ, రెండూ పక్కపక్కన. భూతద్దం ఒక్కటే ఉంది, ముగ్గురు ముగ్గురుగా రండి. కళ్ళజోళ్ళు ఇక్కడ డబ్బాలో నాలుగున్నాయి. పెట్టుకున్నవాళ్ళే గీత దాటాలి. ఆ స్టూలు మాత్రం ఎవరూ జరపకండి.